మొక్కు లేని పరుగు

మా ఆయన మస్కట్ నుంచి పూర్తిగా వచ్చేసిన ఎనిమిదో నెలలో నాకు బీపీ వచ్చింది. ఈ రెండింటికీ సంబంధం ఉందని నేను అనలేదు. డాక్టరుగారే అడిగారు, "ఈమధ్య ఇంట్లో ఏమైనా మార్పు వచ్చిందా అమ్మా?" అని. ఆ మార్పు నా పక్క కుర్చీలోనే కూర్చుని, నా రిపోర్టులన్నీ తేదీలవారీగా సర్దుతోంది.

"ఏమీ లేదండీ" అన్నాను.

మా ఆయన మాణిక్యాలరావు గారు మంచి మనిషి. తాగుడు లేదు, పేకాట లేదు, నోరు పారేసుకోవడం లేదు. అక్కడ ఓ కంపెనీలో ఇరవై ఒక్క ఏళ్ళు సేఫ్టీ సూపర్‌వైజరుగా చేశారు. ఏ వస్తువు వల్ల ఎవరికి ఏ ప్రమాదం వస్తుందో ముందే కనిపెట్టడం ఆయన పని. ఉద్యోగం మానేశారు గానీ ఆ పని మానలేదు. స్టవ్వు పక్కన ఎర్ర స్టిక్కరు, బాత్రూము తలుపు మీద పసుప్పచ్చ స్టిక్కరు అంటించారు. పులుసు గిన్నె దించే ముందు నేను "వేడి, వేడి" అని రెండుసార్లు కేకెయ్యాలి. వంటింట్లో మేమిద్దరమే ఉంటాం. పొద్దున్న ఏడింటికి ఐదు నిమిషాల మీటింగు ఉంటుంది. ఆ రోజు ఏం వంట, అందులో ఏ ఏ ప్రమాదాలున్నాయి అన్నది చర్చిస్తాం. ఓరోజు నేను కొబ్బరి కోరుకుంటుంటే చేతులకి గ్లౌజులు తెచ్చిచ్చారు.

ఇన్నేళ్ళూ ఆయన ఏడాదికి నలభై రోజులు వచ్చేవారు. చుట్టంలా వచ్చేవారు, నేనూ చుట్టంలాగే చూసుకునేదాన్ని. నాకా చుట్టం అంటే ఇష్టం కూడాను. ఇప్పుడా చుట్టం వెళ్ళడం లేదు. ఈ కష్టం ఎవరితో చెప్పుకోను? మొగుడు గల్ఫ్ నుంచి క్షేమంగా ఇల్లు చేరాడని ఏడ్చే ఆడదాన్ని తాటిపాక చుట్టుపక్కల ఎవరూ చూసి ఉండరు.

రోజూ నలభై నిమిషాలు నడవమన్నారు డాక్టరుగారు. పోనీ నలభై నిమిషాలైనా దొరికాయి కదా అని సంతోషించాను. మొదటిరోజు ఆయన కూడా బయలుదేరారు, కాలవగట్టుకి రెయిలింగు లేదంటూ. మూడోరోజుకి ఆయనకి మోకాళ్ళు పట్టేసి ఆగిపోయారు. నాలుగోరోజు నుంచి ఊరు మొదలైంది. మావైపు ఒంటరిగా నడిచే మనిషి కనపడితే తోడు నడవకపోవడం మర్యాద కాదు. పాలు పోసే బంగారమ్మ తన గేదె కాలి వాపు గురించి చెబుతూ కిలోమీటరు నడిచేది. ఆవిడ వదిలితే మరొకరు.

ఓరోజు ఆ గేదె కథ రెండోసారి మొదలవగానే నా కాళ్ళు వాటంతట అవే పరుగందుకున్నాయి. వచ్చే తూము దాకా పరుగెత్తి వెనక్కి చూశాను. బంగారమ్మ పాలక్యానుతో అక్కడే నిలబడిపోయింది. అప్పుడు తెలిసింది నాకు. నడిచే మనిషితో ఎవరైనా నడుస్తారు. పరుగెత్తే మనిషితో పరుగెత్తేవాళ్ళు మా ఊళ్ళో లేరు.

మా అమ్మాయి మాధురి రాజమండ్రిలో బ్యాంకులో పనిచేస్తోంది. ఫోనులో ఈ సంగతి చెబితే ఎగిరి గంతేసి తెల్లటి బూట్లు పంపించింది. డిసెంబరులో విశాఖపట్నంలో పందెం ఉందిట. ఐదు కిలోమీటర్లు, పది, ఇరవై ఒకటి, నలభై రెండు.

"నువ్వు ఐదుకి పేరిద్దువుగాని" అంది.

"దానికి ప్రాక్టీసు ఎంతసేపే?"

"అరగంట చాలు."

"మరి నలభై రెండుకో?"

"అది ఫుల్ మారథాన్ అమ్మా. వారంలో నాలుగు రోజులు గంటా, గంటన్నరా. ఆదివారం మూడు, నాలుగు గంటలు."

"నాలుగు గంటలూ బయటే ఉండాలా?"

"ఉండాలి మరి."

"అయితే దానికే నా పేరిచ్చెయ్."

అలా నలభై ఏడో ఏట నేను మారథాన్‌లో దిగాను. మా ఆయన అడ్డు చెప్పలేదు. డాక్టరు వ్యాయామం చెయ్యమన్నారు, అంతే. ఎక్కడ తిరగాలి, ఎన్ని నీళ్ళు తాగాలి అని ఒక కాగితం రాసిచ్చారు. దాన్ని మడిచి బూటులో పెట్టుకున్నాను. తీరా రోడ్డెక్కాక, ప్రమాదం మాస్టారి రూపంలో వచ్చింది.

సుబ్రహ్మణ్యేశ్వరరావు మాస్టారు రిటైరై పదేళ్ళయింది. నాకు వరసకి బాబాయిగారు. పొద్దున్నే స్కూటరు మీద పేపరుకి వెళుతూ నా పక్కన ఆపారు.

"ఎక్కమ్మాయ్. ఎవరికేమయింది?"

"ఎవరికీ ఏమీ కాలేదండీ బాబాయిగారూ. ఊరికే పరుగెడుతున్నాను."

"ఊరికే ఎవరు పరుగెడతారమ్మా? ఎక్కు, దింపేస్తాను."

"ఒద్దండీ, ప్రాక్టీసండీ."

"ప్రాక్టీసు రేపు చేద్దువుగాని. ఎక్కు."

నా పరుగుతో సమానంగా స్కూటరు నడుపుతూ రెండు కిలోమీటర్లు బతిమాలారు. పెద్దాయన్ని ఎంతసేపు కాదంటాం? ఎక్కాను. తీసుకొచ్చి ఇంటి గుమ్మంలో దింపారు. మాధురి నా ఫోనులో పెట్టిన లెక్క ప్రకారం ఆ రోజు నేను పది కిలోమీటర్లు చేశాను. అందులో ఐదు మాస్టారివి.

మర్నాడూ ఆగారు. ఈసారి గట్టిగా ఒద్దన్నాను. ఆయన మొహం చిన్నబోయింది.

"నా డ్రైవింగు మీద నమ్మకం లేదా అమ్మా? పోయినేడు కాలవలో పడ్డ మాట నిజమే. కానీ అది బండి తప్పు."

ఆ మాటకి నాకు ప్రాణం ఉసూరుమంది. నోట్లోంచి వచ్చేసింది, "అది కాదండీ, మొక్కండీ. అప్పనపల్లి స్వామికి."

మాస్టారు బండి ఇంజను ఆపేశారు. దిగి, చెప్పులు విప్పి, నాకు దణ్ణం పెట్టారు.

"ముందే చెప్పొచ్చు కదమ్మా. మొక్కులో ఉన్న మనిషిని బండెక్కించేను, పాపం కాదూ నాకు? ఏం మొక్కమ్మా?"

"మొక్కు బయటికి చెప్పకూడదటండీ."

"ఆయ్, ఆయ్, చెప్పకూడదు. వెళ్ళిరా తల్లీ."

ఆ రోజు నుంచి నన్ను బండెక్కమన్నవాళ్ళు లేరు. గంటసేపు ఎవరూ పలకరించకుండా, గేదెలూ స్టిక్కర్లూ లేకుండా పరుగెత్తాను. అలా సుఖంగా ఒక వారం గడిచింది.

రెండోవారం బంగారమ్మ గట్టు మీద బిందెతో ఎదురైంది. "ఆగండమ్మగారూ, ఒక్క నిమిషం" అంటూ బిందెడు పసుపునీళ్ళు నా కాళ్ళ మీద గుమ్మరించి, వంగి కళ్ళకద్దుకుంది. మొక్కు తీర్చుకునేవాళ్ళ కాళ్ళకి నీళ్ళు పొయ్యడం మావైపు మామూలే, కాదనకూడదు. కాకపోతే వాళ్ళు వట్టి కాళ్ళతో ఉంటారు. మాధురి పంపిన తెల్లబూట్లు పసుప్పచ్చగా అయ్యాయి. మిగిలిన తొమ్మిది కిలోమీటర్లూ పిచుక్, పిచుక్ మంటూ పరుగెత్తాను.

"ఎలాగూ గుడి దాకా ఎల్తన్నారు కదండీ, ఇదోటి మా పేరున కొట్టించేద్దురూ" అని పిలకున్న కొబ్బరికాయ చేతిలో పెట్టింది. "గేదె కాలు కోసవండి."

తరవాతి ఆదివారం మూడు కాయలు. ఆ పై ఆదివారం ఏడు. కోనసీమలో ఇంకేదైనా మొహమాటపడి ఇస్తారేమో గానీ కొబ్బరికాయ ఇవ్వడానికి ఎవరికీ మొహమాటం ఉండదు. వీపుకి సంచి తగిలించుకున్నాను. పేర్లూ గోత్రాలూ ఫోనులో రాసుకున్నాను. బరువుతో పరుగెత్తడం చాలా మంచిదని మాధురి మెచ్చుకుంది. గుళ్ళో నిలబడి స్వామికి ప్రతీ ఆదివారం విన్నవించుకునేదాన్ని: "స్వామీ, ఇవన్నీ నిజం మొక్కులు. నాది ఒక్కటే అబద్ధం. నాది వదిలేసి మిగిలినవి చూడు."

గేదె కాలు తగ్గింది. దాంతో నా మొక్కుకి ఊళ్ళో ఇంకా గౌరవం పెరిగింది. ఇంతకీ నేను దేనికి మొక్కుకున్నానో అన్నది పెద్ద ప్రశ్న అయిపోయింది. నేను చెప్పను కనక వాళ్ళే తేల్చుకున్నారు. ఆ తేల్చుకున్నది నాకు తప్ప అందరికీ తెలుసు.

నవంబరులో ఓ ఆదివారం ఇరవై ఎనిమిది కిలోమీటర్లు పరుగెత్తి ఇంటికి వచ్చేసరికి మా ఆయన వీధరుగు మీద కూర్చుని ఉన్నారు. రోజూ నేను రాగానే గడియారం చూసి, నీళ్ళిచ్చి, కాళ్ళు చాపమనేవారు. ఆ రోజు కూర్చున్నచోటు నుంచి కదల్లేదు.

"కాఫీ తాగేరా?" అన్నాను.

"పాలు పోస్తూ బంగారమ్మ అడిగింది, మీకు వీసా వచ్చిందా అండీ అని."

"వీసా ఏంటండీ?"

"నేను మళ్ళీ మస్కట్ వెళ్ళాలని నువ్వు అప్పనపల్లి స్వామికి మొక్కుకున్నావట కదా. ఊరంతా తెలుసట. మాస్టారు నా తరఫున ఒక కొబ్బరికాయ కూడా ఇచ్చేరట."

ఇచ్చారు. 'మాణిక్యాలరావు పేరున' అంటే ఆయన ఆరోగ్యానికి కాబోలు అనుకుని గోత్రం నేనే చెప్పి కొట్టించాను.

"మరి మీరేమన్నారు?"

"ఏమంటాను? ఆయ్, ఇంకా రాలేదండీ అన్నాను." ఆయన నా వైపు తిరిగారు. "నిజమేనా వేణీ?"

"అలాంటి మొక్కు లేదండీ. అసలు మొక్కే లేదు."

"దేవుడి పేరు చెప్పి అబద్ధం ఆడేవా?"

"మాస్టారి స్కూటరు తప్పించుకోడానికండీ."

ఆయనకి నవ్వు రాబోయి ఆగింది. "పోనీ పరుగెందుకు? బీపీ అయితే నడిస్తే చాలు కదా."

బీపీ అని ఊరుకోవచ్చు. కానీ ఇరవై ఎనిమిది కిలోమీటర్ల తరవాత ఇంకో అబద్ధం అల్లే ఓపిక నాకు లేదు. మెట్టు మీద కూర్చుని పసుపు బూటు ముడి విప్పుతూ చెప్పాను.

"ఓ గంటసేపు నన్నెవరూ చూడకుండా ఉండాలనండీ."

"ఎవరూ అంటే?"

"మీరు."

నేను రెండో బూటు కూడా విప్పేశాను.

"అక్కడ గదికి ఎనిమిది మందిమి" అన్నారు చివరికి. "పడుకున్నా, తిన్నా, ఫోను మాట్లాడినా పక్కన ఎవరో ఒకరు. అప్పుడు నిన్ను తలుచుకుని జాలిపడేవాణ్ణి. అంత ఇంట్లో ఒక్కత్తీ ఎలా ఉంటోందో పాపం అని. వచ్చేసేక ఇంక నిన్ను ఒంటరిగా ఒదలకూడదు అనుకున్నాను."

అందుకా ఆ గ్లౌజులు! అయినా ఇప్పుడు జాలిపడితే నా గంట పోతుంది.

"ఒక్కదాన్నీ బాగానే ఉన్నానండీ" అన్నాను.

"ఆయ్. తెలిసింది." పసుప్పచ్చ బూట్లు తీసి ఎండలో పెట్టారు. "నువ్వు వెళ్ళు. నేనేమీ అనుకోను. ఆదివారం నాలుగు గంటలూ వెళ్ళు. కాకపోతే రోడ్డుకి కుడివైపునే పరుగెత్తు, ఎదురొచ్చే బండి కనపడాలి."

ఆ మాత్రం భరించగలను అనుకున్నాను.

పందానికి ఇంకా మూడు వారాలుంది. అన్నిటికంటే పెద్ద ప్రాక్టీసు ఆ ఆదివారం, ముప్ఫై రెండు కిలోమీటర్లు. ఆరు పూర్తయ్యేసరికి మడమ పోటు పెట్టింది. అంతకంటే ముఖ్యం, మనసులో ఆయనే మెదులుతున్నారు. నాలుగు గంటలు ఒక్కరూ బిక్కుబిక్కుమంటూ కూర్చుంటారు కదా, మనిషిని మరీ అంత మాట అన్నాను కదా అనిపించింది. ఇంటికి తిరిగాను.

వీధి మొదట్లోకే పాట వినిపించింది. ఎవరింట్లో పెళ్ళో అనుకున్నాను. మా ఇంట్లోనే. హాలు మధ్యలో చాప మీద మా ఆయన బనీనుతో, కాళ్ళూ చేతులూ నాలుగు దిక్కులకీ చాచి వెల్లకిలా పడుకుని, టీవీతో పాటు గొంతెత్తి పాడుతున్నారు. పక్కన పళ్ళెం నిండా ఉల్లిపాయ పకోడీలు. వంటింటి గుమ్మం దాకా శెనగపిండి. ఆ మొహంలో అంత హాయి పెళ్ళినాడు కూడా నేను చూడలేదు.

నన్ను చూసి దొంగలా లేచి కూర్చున్నారు.

"అదేంటి? అప్పుడే వచ్చేసేవు?"

"మడమ నొప్పిగా ఉందండీ."

ఆయన గడియారం చూశారు. టీవీ చూశారు. పకోడీలు చూశారు.

"ముప్ఫై రెండు అన్నావు కదా."

"పన్నెండు అయ్యాయి."

"అంటే ఇంకా ఇరవై ఉంది" అన్నారు, గాభరాగా లేస్తూ. "పందెం మూడు వారాల్లో పెట్టుకుని ఇలా మధ్యలో మానేస్తే ఎలా వేణీ? ఉండు."

బామ్ తెచ్చి మడమకి తనే రాశారు. పావుగంట కూర్చోబెట్టి, లేచి నడవమని చూసి, బూటు ముడి గట్టిగా బిగించారు. రెండు పకోడీలు నా చేతిలో పెట్టి, భుజం మీద చెయ్యేసి, గేటు దాకా సాగనంపారు.

"కంగారుగా రావద్దు" అన్నారు. "ఐదు గంటలైనా ఫర్లేదు."

నేను నాలుగడుగులు వేశానో లేదో వెనక గేటు గడియ పడింది. లోపల్నించి. మరుక్షణం పాట ఇందాకటి కంటే గట్టిగా మొదలైంది.

రోడ్డు మధ్యలో ఒక్క క్షణం నిలబడిపోయాను. అడిగింది దొరికింది, కాదనడానికి లేదు. పకోడీలు బాగానే ఉన్నాయి, ఉప్పు కొంచెం తక్కువ. అవి నములుతూ, మడమ సంగతి మరిచిపోయి, మొదటి రెండు కిలోమీటర్లూ ఇన్ని నెలల్లో ఎప్పుడూ లేనంత వేగంగా పరుగెత్తాను.