కాస్త చూసి పెట్టే మనిషి

"కాస్త చూసి పెట్టు, రెండు కామాలేగా" అంటూ భర్త ల్యాప్‌టాప్ తెచ్చి కూరగాయల పళ్ళెం పక్కన పెట్టి స్నానానికి వెళ్ళిపోయాడు. ఆమె తడి చేతులు చీరకు తుడుచుకుని కూర్చుంది. తొమ్మిదేళ్ళుగా రోజూ ఉదయం ఇదే వరస. పంపులు తయారుచేసే కంపెనీలో ఆయన ఎగుమతుల విభాగానికి అధికారి. విదేశాలకు వెళ్ళే ఉత్తరాలన్నీ ఆయన పేరుతో వెళ్ళాలి. నిన్న పంపేసిన సరుకును ఉత్తరంలో ఇంకా పంపుతూనే ఉంటాడు, వచ్చే నెల రావలసిన డబ్బు వచ్చేసిందంటాడు. కామాలైతే ఉప్పు చల్లినట్టు చల్లుతాడు, ఫుల్‌స్టాప్ దగ్గర మాత్రం పిసినారి. అన్నిటినీ ఒక దారికి తెచ్చేసరికి పొయ్యి మీద ఏదో ఒకటి అడుగంటుతుంది. "ఆరేళ్ళు ఇంగ్లీషు టీచరుగా చేసిందన్న మాటే గానీ, వంట మీద ధ్యాస ఏదీ?" అని అత్తగారు మూతి తిప్పుకుంటుంది. ఆ నోటితోనే, "మావాడి ఇంగ్లీషు చూసి పైవాళ్ళే ముక్కున వేలేసుకుంటారట" అని వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. ఆ పైవాళ్ళలో ఒకాయన భోజనానికి వచ్చినప్పుడు ఆమె ఏదో మాట్లాడబోతే, "మా ఆవిడకి ఇంగ్లీషు అర్థమవుతుందండి, మాట్లాడ్డమే కొంచెం కష్టం" అని భర్త నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ తన మీద తనకే ఒళ్ళు మండుతుంది.

పోయిన వారం ఆ కంపెనీయే ఒక ప్రకటన వేసింది. ఉత్తరాల్లో తప్పులు దిద్దే మనిషి కావాలి, ఇంటి నుంచే చేయొచ్చు, జీతం ఇస్తారు. "నేను పెట్టుకోనా?" అని ఆమె అడిగితే, "తొందరెందుకు, నేను కనుక్కుంటాలే" అన్నాడు. దరఖాస్తుకు ఈ రోజే ఆఖరు. ఆయన కనుక్కుంటాడని ఇన్నాళ్ళూ నోరు మూసుకుని కూర్చుంది.

ఉత్తరం దిద్దడం మొదలుపెట్టింది. మూడు వాక్యాల్లో క్రియలు సరిచేశాక గానీ రాసిందేమిటో తలకెక్కలేదు. అది పెద్ద మేనేజరుకు రాసింది. కొత్త మనిషి అనవసరం, తొమ్మిదేళ్ళుగా ఉత్తరాలన్నీ నేనే దిద్దుతున్నాను, ఇకముందు కూడా నేనే చూసుకుంటాను, అని ఉంది.

ఆమె మళ్ళీ చదివింది. దాచాలని కూడా ఆయనకు తోచలేదు. తప్పులు తప్ప ఆమె ఇంకేమీ చదవదని ఆయన నమ్మకం. ఏడుపు వస్తుందేమోనని చూసింది, రాలేదు. ఉత్త అలసట. కూర్చున్న చోటనే ఉండి, తాను దిద్దిన మూడు వాక్యాలనూ మళ్ళీ ఎలా ఉన్నవి అలాగే పెట్టేసింది.

"అయిందా?" తల తుడుచుకుంటూ వచ్చాడు.

"చదివాను. దిద్దలేదు."

"ఏం, ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉందండీ."

"పదింటికల్లా వెళ్ళాలది. ఇప్పుడెలా మరి?"

"మీరే చూసుకుంటానని రాశారుగా. చూసుకోండి."

ఆయన ల్యాప్‌టాప్ మీదికి వంగి తన ఉత్తరం తానే చదువుకున్నాడు. లోపలి నుంచి అత్తగారు ఏదో మాడుతోందని కేకేసింది. ఆమె వెళ్ళి స్టవ్ కట్టేసి, అక్కడే నిలబడి ఫోనులో కంపెనీ దరఖాస్తు తెరిచింది. పేరు, చదువు నింపింది. ఇంతకు ముందు ఇలాంటి పని ఎక్కడ చేశారు, ఎంతకాలం, అని అడిగిన చోట రాసింది: మీ కంపెనీలోనే, తొమ్మిదేళ్ళు.