తాళం వేసిన గేటు

కోడలికి ఒళ్లు మండిపోయింది. చంటిదాన్ని ఒళ్లో వేసుకుని, అచ్చుకి పంపాల్సిన పుస్తకం పేజీలు కంప్యూటర్లో సరిచేస్తూ ఉంటే, అత్తగారు చెప్పిన అధ్యాయం దగ్గర కళ్లు ఆగిపోయాయి. "గేటుకి బయటనుంచి తాళం వేశారు" అన్న వాక్యం లేదు. ఆ చోట "గేటు దగ్గర తొక్కిసలాట జరిగింది" అని ఉంది.

ఊళ్లో ఒకప్పుడున్న నూలు మిల్లు చరిత్ర ఆ పుస్తకం. వేసేది ఆమె పనిచేసే, లాభం చూసుకోని చిన్న ప్రచురణ సంస్థ. మెట్ల కింద ఒక గది, రెండు బల్లలు, అటక నిండా అమ్ముడుపోని పుస్తకాల కట్టలు. మిల్లు తగలబడినప్పుడు అత్తగారి చెల్లెలు లోపలే ఉండిపోయింది. ఆ సంగతి అత్తగారు కన్నకొడుకు దగ్గర కూడా ఎత్తేది కాదు. కోడలే బతిమాలి బామాలి, "మాస్టారు మంచివారత్తయ్యా, ఒక్క అక్షరం మార్చరు" అని మాటిచ్చి చెప్పించింది. ఆ ధైర్యం సంస్థ పద్ధతిని చూసి వచ్చింది. ఎవరు చెప్పినది వాళ్లకే చదివి వినిపించి, వాళ్లు ఊ అన్నాకే అచ్చుకి పంపుతారు. అత్తగారు విని ఊ అంది కూడా. మార్చింది ఆ తర్వాత.

మాస్టారంటే సంస్థ నడిపే సంపాదకుడు. నిలదీస్తే కళ్లజోడు తుడుచుకుంటూ నసిగాడు. పుస్తకానికి ఉచితంగా కాగితం ఇస్తున్నది మిల్లు యజమాని మనవడట, ఆయన నొచ్చుకున్నాడట, ఇది వట్టి భాష సవరణే కాబట్టి మళ్లీ వినిపించక్కర్లేదనుకున్నాడట. ఇంత చిన్నదానికి పుస్తకం ఆపుకుంటామా అని కూడా అన్నాడు.

చిన్నదట! ఆమె గొంతుదాకా వచ్చినదాన్ని మింగింది. పసిపిల్లతో రానిచ్చే పని ఇంకెక్కడ దొరుకుతుంది? చదువు మధ్యలో మానేసినదాన్ని ఎవరు పెట్టుకుంటారు? ఆ భయం ఇంటిదాకా వెంట వచ్చింది. తీరా గుమ్మంలో అత్తగారు పిల్ల కోసం చేతులు చాపేసరికి భయం కన్నా కోపమే పైచేయి అయింది. జరిగిందంతా చెప్పేసింది.

అత్తగారు చెప్పులేసుకుంది.

కోడలితో సంస్థకి వచ్చిన ఆమెకి మాస్టారు కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు. మార్చినది చదవమంది. ఆయన గొంతు సవరించుకుని చదివాడు.

"బాగుంది. ఎవరు బాబూ ఈవిడ?" అంది అత్తగారు.

"మీరేనమ్మా."

"నేను కాదు. ఈవిడెవరో అదృష్టవంతురాలు, గేటు తీసే ఉందట. మా చెల్లెలైతే ఊచల్లోంచి చెయ్యి బయటపెట్టి అక్కా అక్కా అని పిలిచింది. నేను ఇవతల తాళం పట్టుకుని లాగుతూనే ఉన్నాను."

మాస్టారు తల దించుకున్నాడు. మళ్లీ వేసినప్పుడు తప్పకుండా చేరుద్దామన్నాడు. దాంతో కోడలి నోరు ఆగలేదు.

"ఎవరి చరిత్రండీ మీరు వేస్తున్నది? కాగితమిచ్చినాయనదా? అయితే లోపల ఎవరు కాలిపోయారో ఆయన్నే చెప్పమనండి. వేస్తే తాళంతో వెయ్యండి, లేదంటే మా అత్తయ్య మాటలు నేనే తీసేస్తాను."

పిల్ల ఉలిక్కిపడి ఏడుపు లంకించుకుంది. ఆమె ఊరుకోబెట్టలేదు. మాస్టారు ఆ మనవడితో రేపు మాట్లాడతానన్నాడు. ఇప్పుడే, మా ఎదురుగానే మాట్లాడండి అంది. ఆయన అత్తాకోడళ్ల మొహాలు మార్చిమార్చి చూసి ఫోను తీశాడు.

నమస్కారాలయ్యాయి. అవతలి గొంతు చాలాసేపు కేకలేసింది. మాస్టారు గోడవైపు తిరిగాడు.

"లేదండీ," అన్నాడు చివరికి. "తాళం వేశారనే వేస్తున్నాం. కాగితం ఇవ్వడం, మానడం మీ ఇష్టం."

ఫోను పెట్టేసి, ఇప్పుడు చల్లబడ్డావా అన్నట్టు కోడలివైపు చూశాడు. ఎక్కడి చల్లబడటం? ఆమె అప్పటికే కంప్యూటర్ ముందు కూర్చుని తొక్కిసలాటను చెరిపేస్తోంది. కోపంలో అక్షరాలు తప్పుపడుతుంటే, దిద్ది మళ్లీ కొడుతోంది.