కాణిపాకంలో చెప్పించిన మాట

పిల్లవాడి చొక్కా గంజాయి వాసన వేస్తోందని యోగానంద సారు కబురు పెట్టినప్పుడు మోహన బడికి ఏడుస్తూనే వెళ్లింది. పూతలపట్టులో మామిడి మండీ నడిపే ఆమె భర్త తిరుమలయ్య మాత్రం మీసం సర్దుకుంటూ వెళ్లాడు. పదో తరగతి చదివే మునిచంద్ర వాళ్లకు ఒక్కడే కొడుకు.

"కొట్టద్దండి. ఒట్లు పెట్టించద్దండి," అన్నాడు సారు. "భయపెడితే పిల్లోళ్లు దాస్తారు. వాడంతట వాడు నోరు తెరిచి చెప్పిన రోజు అరవకుండా వినండి. వాణ్ణి కాపాడుకునేది ఆ రోజే. తిరుపతిలో నాకు తెలిసిన మంచి డాక్టరుండాడు, నేనే తీసకపోతా."

మోహన ఆ మాటను కొంగున ముడేసుకుంది. తిరుమలయ్య గేటు దాటుతూనే నవ్వాడు.

"సారు ఒట్లు వద్దన్నాడు. ప్రమాణం వద్దన్లేదు గదా! కాణిపాకంలో వినాయకుడి ముందర నిలబెడితే దొంగో దొరో తేలిపోతాది. నా కొడుకు తాగడు. ఆ మాట మండీలో పదిమందికీ వినపడాల."

ఆదివారం బస్సెక్కారు. సాక్ష్యానికని మండీలో పొత్తుదారు సుబ్బన్నను కూడా వెంటబెట్టుకున్నాడు తిరుమలయ్య. మగవాళ్లిద్దరూ ముందు సీట్లో. వెనక మునిచంద్ర తల్లి చెవి దగ్గరికి వంగాడు.

"మా, నేను తాగినా. లారీ షెడ్డు కాడ. మానాలనే ఉండాది, నా ఒక్కడి వల్ల కావడం లేదు. నాయనకు నువ్వు చెప్పు మా. ఆడ అబద్ధం చెప్తే స్వామి ఊరుకోడంట."

సారు చెప్పిన రోజు ఇదే. మోహనకు తెలిసింది. ముందు సీట్లో భర్త మెడ కనపడుతోంది.

"గమ్మునుండు. ఆయన వింటే ఈడే సంపుతాడు. తాగలేదని చెప్పేయి. ఒక్క మాటే గదరా."

గుడి దగ్గర తలస్నానం చేయించి, తడిబట్టలతో స్వామి ఎదుట నిలబెట్టారు. వాడు చొక్కా అంచు పిండుకుంటూ నేల చూశాడు.

"ఏందబ్బా, నీళ్లు పడేసరికి మత్తు దిగిందా?" అన్నాడు సుబ్బన్న.

వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. తిరుమలయ్య చెయ్యి వాడి చెంప మీద పేలింది.

"నా ఎనకే సెప్పరా. నేను గంజాయి ముట్టలేదు. అబద్ధమైతే, మండీకి మామిడి వచ్చే లోపల మా అమ్మ మట్టిలో కలిసిపోవాల. సెప్పు!"

వాడు తల్లి వైపు చూశాడు. మోహన తలూపింది. వాడు చెప్పాడు.

ఆ రోజు నుంచి వాడు షెడ్డు వైపు పోలేదు. తెల్లారగానే తల్లికి ఊపిరాడుతోందో లేదో చూసేవాడు. ఆమె దగ్గితే తింటున్న ముద్ద కంచంలో వదిలేసేవాడు. ఒళ్లు వణుకుతుంటే గోడకానుకుని కూర్చుని, "మా, నీకేం నొప్పి లేదు గదా?" అని అడిగేవాడు. సారు దగ్గరికి పోదాం పదరా అని మోహన అనవచ్చు. అనలేదు. భయం బాగా పనిచేస్తోందనుకుంది. వాడు చెప్పులేసుకుంటుంటే ఒక్కోసారి ఊరికే దగ్గేది.

ప్రమాణం గడువు తీరి, మండీలో మొదటి మామిడి లోడు దిగింది. మోహన పెరట్లో కూర్చుని ఆవకాయకు ముక్కలు కొడుతోంది. చెంపలు నిగనిగలాడుతున్నాయి. గడపలో నిలబడి మునిచంద్ర ఆమెను చాలాసేపు చూశాడు. తర్వాత నవ్వాడు. కత్తి పట్టుకున్న మోహన చెయ్యి ఆగిపోయింది. అంతలోనే వాడు చెప్పులేసుకున్నాడు. ఆమె దగ్గింది. వాడు వెనక్కి తిరగలేదు.

వారం తిరక్కముందే యోగానంద సారు ఇంటికి వచ్చాడు. "చంద్రా, ఏమన్నా చెప్పాల్నా నాకు?"

వాడు తడుముకోలేదు. పక్కనే ఉన్న తల్లి నెత్తిన చెయ్యి పెట్టాడు.

"ముట్టలేదు సార్. అబద్ధమైతే ఈపొద్దే మా అమ్మ సావాల."

తిరుమలయ్య తొడ చరిచాడు. "సూసినారా సార్! మీరేమో ఒట్లు వద్దంటిరి!"

ఆ వేళ్ల నుంచి గంజాయి కంపు మోహన ముక్కుకు కొట్టింది. సారు వాడిని వదిలి ఆమె వైపు తిరిగాడు.

"మీతో ఎప్పుడన్నా ఏమన్నా చెప్పినాడామ్మా?"

మోహన భర్తను చూసింది.

"లేదు సార్."

ఆమె నెత్తి మీది చెయ్యి, బాగా చెప్పావన్నట్టు మెల్లగా తట్టింది.