తమ్ముడు ఎత్తిన చెయ్యి

పిల్లల గుండె చుట్టూ ఉండే పొరకి జబ్బు చేస్తే ఆస్పత్రికో పేరు. ఒకచోట వాపంటారు, ఇంకోచోట నీరంటారు, మరోచోట ఏకంగా జ్వరం కిందకి తోసేస్తారు. పేర్లే కలవకపోతే ఏ బిడ్డ ఎందుకు పోయిందో ఎవడికి తెలుస్తుంది, మన తలకాయ! అందుకే అన్ని ఆస్పత్రులకీ ఒకే వర్గీకరణ ఉండాలని అక్క కాళ్లరిగేలా తిరిగింది.

అక్క పిల్లల గుండె డాక్టరు, తమ్ముడు సర్జను. వాణ్ణి చంకనేసుకుని పెంచింది ఆవిడే. ఈ పనిలోకి ఆవిణ్ణి దింపింది మాత్రం వాడు. వాడు ఆపరేషన్ చేసి ఇంటికి పంపిన పాప, గుండె చుట్టూ నీరు చేరి వారం తిరక్కుండానే పోయింది. "స్కాన్ చెయ్యకుండా పంపేశానక్కా, తప్పంతా నాదే" అని ఆవిడ భుజం మీద పడి వెక్కి వెక్కి ఏడ్చాడు. 'ఆపరేషన్ తర్వాత చేరే నీరు' అని విడిగా ఓ వర్గం పెడితే, ఇంటికి పంపేముందు ప్రతి బిడ్డకీ స్కాన్ తప్పనిసరి అవుతుంది. "కమిటీలో మొదట లేచే చెయ్యి నాదే" అని మాట కూడా ఇచ్చాడు.

కమిటీ గదిలో, ఆ కొత్త వర్గం కావాలన్నవాళ్లని చేతులెత్తమన్నారు. అక్క వెనక్కి తిరిగి చూడనైనా లేదు. సొంత తమ్ముడు, చూడ్డమెందుకు? తీరా ఒక్క చెయ్యి తక్కువైంది. అలాంటి చావుల్ని పాత పద్ధతిలోనే 'కారణం తెలియనివి' కింద ఉంచుదామన్నప్పుడు మాత్రం తమ్ముడి చెయ్యి ఠక్కున లేచింది.

నడవలో పట్టుకుని నిలదీసింది. "ఎందుకురా ఇలా చేశావ్?"

"వచ్చే నెల నన్ను డిపార్ట్‌మెంటుకి పెద్దని చేస్తున్నారక్కా. ఆ వర్గం వస్తే మొదటి చావు నా నెత్తిన పడుతుంది."

"మరి ఆ రోజు ఏడ్చావే!"

"నీ దగ్గర ఏడ్చాను. కమిటీ ముందు కాదుగా."

నమ్మినవాడే నట్టేట ముంచాడు. ఒళ్లు భగ్గుమంది ఆవిడకి. పెంచిన చేత్తోనే వాడి చెంప పగలగొట్టాలనిపించింది.

అంతలో ఫోన్ మోగింది. ఆ పాప తల్లి. ఇవాళ తేలిపోతుందని ఆవిడకి చెప్పింది అక్కే.

"డాక్టరమ్మా, ఏం తేల్చారు? మా పాప ఎందుకు పోయింది?"

అక్క ఫోన్ తమ్ముడి చేతిలో పెట్టింది. "ఆవిడ అడుగుతోంది, పాప ఎందుకు పోయిందని. నువ్వే చెప్పు." అంత కోపంలోనూ ఓ పిచ్చి ఆశ: కన్నతల్లి గొంతు వింటే వీడు ఆగలేడు, నా తమ్ముడు కదా.

తమ్ముడు గొంతు సవరించుకున్నాడు.

"కారణం తెలియదమ్మా" అన్నాడు. గొంతు ఇసుమంతైనా వణకలేదు.