మన మాట తెలియనివాడు

జోతిలక్ష్మి వాళ్ళింట్లో తెలుగును తెలుగు అనరు, ‘మన మాట’ అంటారు. రాయడం, చదవడం ఎవరికీ రాదు. గడప దాటితే అందరిదీ తమిళమే. కానీ గడప దాటాక కూడా ఆ మాటకు ఒక గొప్ప ఉపయోగం ఉంది. కోవిల్‌పట్టి చీరల కొట్లో బేరమాడేటప్పుడు, బస్సులో పక్క సీటావిడ నగల మీద తీర్పు చెప్పేటప్పుడు, డాక్టరు మొహం మీదే ఆయన చేతివాటం గురించి అనుకునేటప్పుడు వాళ్ళమ్మ పొన్నుతాయి గొంతు కూడా తగ్గించదు. ఎదుటివాడికి అర్థమైతే కదా అని దర్జాగా మన మాటలో కానిచ్చేస్తుంది. జోతి ఉగ్గుపాలతో తాగిన ధైర్యం అది. ఎన్నడూ బెడిసికొట్టలేదు.

జోతి కోవిల్‌పట్టిలో ఒక ఆసుపత్రి క్యాజువాలిటీలో స్టాఫ్ నర్సు. ఆ వేసవిలో విరుదునగర్‌లో నర్సులకూ, అంబులెన్సు సిబ్బందికీ ఒక రోజు శిక్షణ పెట్టారు. పని ఇప్పిస్తామని తీసుకొచ్చి బందీలుగా చాకిరీ చేయించేవాళ్ళ చేతిలో పడ్డ పిల్లలు బయటి మనిషి కంటబడేది చాలాసార్లు ఆసుపత్రిలోనేనని, ఆ అవకాశం చేజారితే మళ్ళీ దొరకరని చెప్పారు. పిల్లను అడిగితే వెంట వచ్చినవాడు జవాబు చెబుతున్నాడేమో చూడమన్నారు. వాణ్ణి ఏదో వంకతో దూరం పెట్టి, తలుపు మూసి, ఒంటరిగా అడగమన్నారు. మిగతావాళ్ళు మధ్యాహ్నం పెట్టిన సాంబారు గురించి సణుక్కుంటుంటే జోతి మాత్రం అంతా ఒంటబట్టించుకుంది. తన చేతి మీదుగా ఒక్క పిల్ల అయినా బయటపడాలని నిజంగా కోరుకుంది. అందులో అబద్ధం లేదు.

ఆ పిల్ల వచ్చింది. ఎండ మండిపోతున్న ఒక మధ్యాహ్నం 108 అంబులెన్సులో వచ్చింది. బస్టాండులో కళ్ళు తిరిగి పడిపోతే జనం ఫోన్ చేశారట. బక్కచిక్కి, పెదవులు తెల్లబడి, పుల్లలా ఉంది. తలలో దూది పోగులు చిక్కుకుని ఉన్నాయి. అంబులెన్సు టెక్నీషియన్ హరికృష్ణన్ కూడా ఆ శిక్షణకు వచ్చినవాడే. స్ట్రెచర్ దించుతూ జోతి చెవిన వేశాడు, వెంట ఉన్నవాడు పిల్లను నోరు తెరవనివ్వడం లేదని, ఒకసారి చూడమని.

వెంట ఉన్నవాడి పేరు సుబ్బురాజ్. ఇస్త్రీ చొక్కా, నుదుట విభూతి, మహా మర్యాదస్తుడు. ఒక స్పిన్నింగ్ మిల్లులో సూపర్‌వైజరునని తమిళంలో చెప్పాడు. పిల్ల పేరు ప్రియా అనీ, పంతొమ్మిదేళ్ళనీ, ఎక్కడో పైరాష్ట్రం పిల్ల అనీ, దాని భాష తనకొక్క ముక్క తెలియదనీ, సైగలతోనే పని చేయించుకుంటామనీ చెప్పి నవ్వాడు. డాక్టరు చూసి, ఒంట్లో రక్తం లేదని సెలైన్ పెట్టమన్నాడు. జోతి సూది గుచ్చేసరికి పిల్ల “అమ్మా, నొప్పి” అంది.

జోతి తలెత్తి చూసింది. తెలుగు. సినిమాల్లో వినిపించే తెలుగు, తమ మోటు మాట కాదు. అయినా తెలుగే. ఈ ఆసుపత్రి మొత్తంలో ఈ పిల్లతో మాట్లాడగలిగింది తనొక్కతే అనుకుంది, అలా అనుకున్నందుకు కొంచెం గర్వపడింది కూడా.

సుబ్బురాజ్‌ను తెర అవతలికి పొమ్మంది. అతను మారు మాట్లాడకుండా వెళ్ళి, తెర పక్కనే కుర్చీలో కూర్చుని, ఫోన్‌లో ఏదో కామెడీ పెట్టుకున్నాడు. పక్కనే కట్లు కట్టే డ్రెస్సింగ్ గది ఖాళీగానే ఉంది. దానికి తలుపూ ఉంది, గొళ్ళెమూ ఉంది. సెలైన్ స్టాండు తోసుకుంటూ పిల్లను అక్కడికి తీసుకుపోవచ్చు. జోతి ఆ పని చేయలేదు. మన మాటకు తలుపెందుకు?

“బయపడొద్దు కన్ను,” అంది మంచం మీదికి వంగి. “వానికి మన మాట తెలీదు. నీవు యాడనుంచి వస్తివి, సొల్లు.”

పిల్ల బిత్తరపోయి చూసింది. కన్ను అంటే తల్లీ అనీ, సొల్లు అంటే చెప్పమనీ పోల్చుకోవడానికి దానికి కాస్త పట్టింది. తర్వాత ఏడ్చింది. తర్వాత ఆగకుండా చెప్పింది. పేరు ప్రియా కాదు, అంకమ్మ. కనిగిరి దగ్గర పల్లె. ఈ ఉగాదికి పదహారు నిండాయి. ఊరికి ఒకామె వచ్చి, హాస్టలు, మూడు పూటలా తిండి, నీడపట్టున పని అని చెప్పి తోలుకొచ్చింది. ఫోన్ లాక్కున్నారు. గేటుకు తాళం. కడుపులో నొప్పి అంటే ఏవో మాత్రలు మింగించి మళ్ళీ మిషను ముందు నిలబెడతారు. ఇంటికి పోతానన్నందుకు ఇంకో మిల్లుకు మారుస్తున్నారు, దారిలో పడిపోయింది. అది ఇంకా దూరమట, అక్కడికి పోయినవాళ్ళెవరూ తిరిగి రాలేదట.

“మేం పారిపోదామని ఏం అనుకున్నా వాళ్ళకి తెలిసిపోతదక్కా,” అంది అంకమ్మ. “మాలోనే ఎవరో చెప్తన్నారు. ఎవరో తెలవదు. ఇప్పుడు మాలో మేం మాట్లాడుకోటం కూడా మానేశాం. ఈయన ముందైతే పర్లేదు, ఈయనకి అరవం తప్ప రాదు.”

జోతి ఆ మాట విన్నది. విని, పాపం అనుకుంది. అంతకుమించి దాని గురించి ఆలోచించలేదు. ఆమె బుర్ర అప్పటికే ఉపాయం పన్నుతోంది.

“విను,” అంది. “సెలైన్ ఇప్పటికి చాలు, తీసేస్తాను. సూది చేతిలోనే ఉండనీ. కొంచెం సేపుకి ఆయామ్మ చక్రాల కుర్చీ తెస్తాది. స్కానుకు అంటాది. స్కాను లేదు, ఏమీ లేదు. నిన్ను వాని కంటికి మరుగు చేసేదానికి. మాట్లాడొద్దు, ఎవరినీ అడగొద్దు, కుర్చీలో కూసో. పిలిస్తే పో. నేను పోలీసును పిలిపిస్తాను. రాత్రికి మీ అమ్మతో మాట్లాడేదువు.”

అంకమ్మ ఆమె చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకుంది. తెర అవతల ఫోన్‌లో ఎవరో ఎవరినో తన్నారు, జనం పకపకా నవ్వారు.

జోతి డ్యూటీ డాక్టరు గదిలోకి వెళ్ళి, తలుపు మూసి, గొళ్ళెం పెట్టి మరీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసింది. తమిళం కదా, ఎవరైనా వింటే ప్రమాదం. అటు మాట్లాడినామె ఓపికగా విన్నది, వివరాలు రాసుకుంది, మనుషులు బయలుదేరుతున్నారని, అంతవరకు పిల్లను జాగ్రత్తగా చూసుకోమని చెప్పింది. జోతి ఫోన్ పెట్టేసి, ఆయా మారియమ్మాళ్‌కు కుర్చీ సంగతి చెప్పడానికి బయటికి వచ్చింది.

మంచం ఖాళీగా ఉంది. తెర పక్కన కుర్చీ కూడా ఖాళీ.

మారియమ్మాళ్ చక్రాల కుర్చీ తోసుకుంటూ ఎదురొచ్చింది. అదీ ఖాళీయే. ఏమయిందని అడిగితే ఆశ్చర్యపోయింది. సిస్టరే కదా పిల్లను స్కానుకు తీసుకెళ్ళమన్నది? ఆ సార్ వచ్చి చెప్పాడు. మన మిషను పాడయింది, బయట తీయించాలి, గేటు దాకా తోసుకురమ్మన్నాడు. అక్కడ వ్యాను ఆగి ఉంది, పిల్ల ఎక్కేదాకా ఆ సార్ అటు రాలేదు. పిల్ల మారాము చేయలేదు, కిక్కురుమనలేదు, తనే లేచి ఎక్కింది. ఎక్కేటప్పుడు తనను చూసి నవ్వింది కూడా, బంగారం లాంటి పిల్ల అంది మారియమ్మాళ్.

జోతి గేటు దాకా పరుగెత్తింది. రోడ్డు మీద అగ్గిపెట్టెల లోడు లారీ ఒకటి పోతోంది. ఇంకేమీ లేదు.

వెనకే ఆయాసపడుతూ వచ్చిన మారియమ్మాళ్‌కు అప్పుడు ఇంకోటి గుర్తొచ్చింది. వ్యాను కదిలేముందు ఆ సార్ తనను పక్కకు పిలిచి సిస్టర్‌కు ఒక మాట చెప్పమన్నాడట. తనకు అర్థం కాలేదు గానీ, రెండుసార్లు చెప్పించి నోట పట్టించాడట. తెలుగు ముక్క రాని ఆ ముసలమ్మ, బడిపిల్ల పద్యం అప్పజెప్పినట్టు ఒక్కో మాటా కూడబలుక్కుని అప్పజెప్పింది.

“పొయ్యొస్తాము అక్కా. మన మాటలో బాగ సొల్లిస్తివి.”

అది పొన్నుతాయి మాట. జోతి మాట. కోవిల్‌పట్టి పక్కన విళాత్తికుళం నల్లరేగడి పల్లెల్లో మాత్రమే పుట్టే యాస. జోతి గేటు పట్టుకుంది. తెలుగు పిల్లలను కాపలా కాసేవాడికి తెలుగు వచ్చి ఉంటుందని పసిపిల్లకైనా తట్టేది. రాదని నటిస్తే వాళ్ళు ఏమనుకున్నా తన చెవిన పడుతుందని వాడికి తెలుసు. హాస్టలు సంగతులన్నీ మోసిందెవరో అంకమ్మకు తెలియక, పాపం తోటి పిల్లలను అనుమానించింది. జోతి అంతకంటే ఘోరంగా పప్పులో కాలేసింది. పిల్లను దాచడానికి తను పన్నిన ఉపాయాన్నే వాడు పొల్లుపోకుండా వాడుకున్నాడు.

పోలీసులు వచ్చారు, హెల్ప్‌లైన్ వాళ్ళూ వచ్చారు. ఎవరూ జోతిని ఒక్క మాట అనలేదు. అదే భరించలేకపోయింది. సుబ్బురాజ్ ఇచ్చిన ఫోన్ నంబరు ఎవరిదీ కాదు, అతను రాయించిన పేరుతో ఎక్కడా మిల్లు లేదు. కనిగిరి వైపు కబురు పంపారు. కూతురు కనబడిందన్న సంగతీ, మళ్ళీ పోయిందన్న సంగతీ ఆ తల్లికి ఒకే ఫోన్‌లో చెప్పారట. హరికృష్ణన్ కొన్నాళ్ళపాటు సాత్తూరు, వెంబకోట్టై దారుల్లో పోయినప్పుడల్లా కనబడ్డ ప్రతి వ్యానులోకీ తొంగి చూశాడు. తర్వాత అతనూ మానేశాడు.

జోతి ఆ రోజు ఇంటికి వెళ్ళేసరికి చీకటి పడింది. పొన్నుతాయి గుమ్మంలోనే నిలబడి, మొహం అట్లుందేమి, అన్నం తింటివా అని అడిగింది. జోతి తమిళంలో, ఆకలి లేదంది. ఆ ఇంట్లో ఆడపిల్ల తల్లికి తమిళంలో బదులివ్వడం అదే మొదలు. పొన్నుతాయి తెల్లబోయి చూసింది. జోతికి ఆ తర్వాత కూడా మన మాట నోట రాలేదు. నాలుక మీదికి రాగానే ఆ మారియమ్మాళ్ అప్పజెప్పినట్టే వినబడేది.

ఆమెను తినేస్తున్నది పిల్ల పోవడం ఒక్కటే కాదు. వ్యానులో వాడు మొదటిసారి తెలుగులో నోరు విప్పి ఉంటాడు. అప్పుడు అంకమ్మకు ఏమనిపించి ఉంటుంది? మాట్లాడొద్దు, ఎవరినీ అడగొద్దు, పిలిస్తే పో అని చెప్పింది జోతి. అక్క వాడి మనిషే అనుకుని ఉంటుంది. ఇంకేమనుకుంటుంది? ఇకమీదట ఏ నర్సు వంగి ఏ భాషలో అడిగినా ఆ పిల్ల నోరు తెరవదు, పక్కనున్న పిల్లలనూ తెరవనివ్వదు.

సూది ఇంకా ఆ పిల్ల చేతిలోనే ఉంది. ఉండనీ అని చెప్పింది జోతే.