నలభై ఏడో నెంబరు బిళ్ళ

నేను ఒక ఇత్తడి బిళ్ళను. రూపాయి బిళ్ళకన్నా కాస్త పెద్దదాన్ని. పైన ఒక కన్నం, మధ్యలో 47 అనే అంకె. ఏడు కొంచెం పక్కకి ఒరిగి ఉంటుంది, అది నా తప్పు కాదు. అంకె కొట్టేటప్పుడు నన్ను చేసిన దేవదానం ఎవరితోనో కబుర్లు చెబుతున్నాడు. ప్రస్తుతం వారాసిగూడలో ఒక వంటింటి గోడకి, మేకు మీద వేలాడుతున్నాను. ఒకప్పుడు విమానాల నూనె వాసన తప్ప ఇంకోటి ఎరగనిదాన్ని. ఇప్పుడు ఏ పూట ఏం పోపు పడిందో కళ్ళు మూసుకుని చెప్పగలను.

బేగంపేట విమానాశ్రయంలో ఒక చిన్న ప్రైవేటు విమానాల కంపెనీ ఉండేది. పేరు చెప్పినా మీకు గుర్తుండదు. నాలుగు విమానాలు, రేకుల కప్పు వేసిన ఒక పెద్ద షెడ్డు, అరవై ఒక్క మంది మెకానిక్కులు. షెడ్డు అంటే వాళ్ళకి కోపం, హాంగర్ అనాలి. ఆ హాంగర్ మూలన పనిముట్ల గది, దానికో కిటికీ. గది గోడకి నల్లబల్ల, దాని మీద ప్రతి పనిముట్టు ఆకారమూ తెల్ల రంగుతో గీసి ఉండేది. మెకానిక్కు కిటికీలోంచి తన బిళ్ళ ఇచ్చి పనిముట్టు తీసుకోవాలి. ఖాళీ అయిన ఆ తెల్ల గీతల మీద కొక్కేనికి మమ్మల్ని తగిలిస్తారు. బిళ్ళ వేలాడినంతసేపూ ఆ పనిముట్టుకి ఆ మనిషిదే పూచీ. పనిముట్టు తేనిదే బిళ్ళ ఇవ్వరు. బల్ల నిండనిదే విమానం కదలదు. ఎందుకంటారా? రెక్కలో మర్చిపోయిన ఒక చిన్న స్క్రూడ్రైవరు చాలు, అంత విమానాన్నీ కూల్చడానికి. మనుషులు పెట్టుకున్న రూల్సులో నాకు నచ్చినది ఇదొక్కటే.

మమ్మల్ని తయారుచేసింది దేవదానమే. గుంటూరు వైపు మనిషి, ఎయిర్‌ఫోర్సులో పదిహేనేళ్ళు పనిచేసి వచ్చాడు. అరవై ఒక్క బిళ్ళలూ రేకులోంచి కోసి, ఆకురాయితో అంచులు నున్నగా రుద్ది, వంకర పడిన నన్ను తనే ఉంచుకున్నాడు. ఆయన జేబులో ఆరేళ్ళున్నాను. జేబులో నాతోపాటు వక్కపలుకులు ఉండేవి. ఆరేళ్ళలో ఒక్క పనిముట్టు పోగొట్టలేదాయన. బిగించిన ప్రతి నట్టునీ వేలితో తట్టి "ఉండవే తల్లీ, అక్కడే ఉండు" అనేవాడు. యాదగిరి అనే బోయినపల్లి కుర్రాడికి పని నేర్పింది కూడా ఆయనే, అదీ రోజుకి నాలుగు చివాట్లూ ఒక టీ చొప్పున.

దేవదానం కామెర్లతో పోయాడు. పన్నెండు రోజులే మంచాన పడ్డాడు. కంపెనీ జాలిపడి ఆయన భార్య సుగుణమ్మకి పనిముట్ల కిటికీ దగ్గర ఉద్యోగం ఇచ్చింది, నన్ను యాదగిరికి ఇచ్చింది. ఇంక చూడండి, రోజూ పొద్దున్నే యాదగిరి నన్ను కిటికీలో పెట్టేవాడు, ఆమె తన మొగుడి నెంబరుని అరచేతిలోకి తీసుకునేది. మొదటి నెల ఏడ్చేది. తరవాత ఏడుపు పోయి అధికారం వచ్చింది. కిటికీ దగ్గర ఆమెని చూస్తే పెద్ద ఇంజినీర్లు కూడా చేతులు తుడుచుకుని మరీ నిలబడేవారు. నాకు ఆ నాలుగేళ్ళూ బంగారం. పొద్దున టీ, మధ్యాహ్నం ఎవరి డబ్బాలో ఏ కూరో పంచుకోవడం, అన్నీ ఆ కిటికీ ముందే. కొక్కేనికి వేలాడుతూ నేను వినని సంగతి లేదు.

అప్పుడొచ్చింది ఆ కాగితం.

యూనియన్ కార్యదర్శి రంగనాయకులు కిటికీ గట్టు మీద కూర్చుని దాన్ని పైకి చదివాడు. జీతాల్లో నాలుగో వంతు కోత, మూడేళ్ళపాటు. పనిముట్ల గది బయటి కాంట్రాక్టరుకి ఇచ్చేస్తారు, అందులో పనిచేసే ముగ్గురూ వెళ్ళిపోవాలి. ఒప్పుకోకపోతే రిపేరు పని మొత్తం చెన్నైకి తరలిస్తారు. "అప్పుడు మనమందరమూ గేటు బయటే," అన్నాడు రంగనాయకులు. "నాకూ ఇష్టం లేదు. కానీ ఇల్లు కాలుతుంటే గుమ్మం కోసం పోట్లాడతామా?"

అందరికన్నా పెద్దవాడు మస్తాన్. ఇంకో ఏడాదిలో రిటైరవ్వాలి. "కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంట," అన్నాడు. "ఇవాళ సుగుణమ్మని ఇచ్చెయ్యమంటున్నారు, ఇస్తాం. రేపు నిన్నిచ్చెయ్యమంటారు. అప్పుడు నీ తరఫున మాట్లాడ్డానికి ఎవడు మిగులుతాడు రంగనాయకులూ?"

ఆ వారం అంతా అదే రభస. కలిసి డబ్బాలు విప్పుకునేవాళ్ళు రెండు జట్లుగా కూర్చుని తిన్నారు. ఓటు ఎలా వెయ్యాలన్నదానికీ తగువే. రంగనాయకులు రహస్యంగా చీటీలు అన్నాడు. మస్తాన్ ఒప్పుకోలేదు. "ఒక్క నట్టు బిగిస్తే పేరు రాసి సంతకం పెడతాం. దీనికి మొహం దాచుకోవడమేంటి? బిళ్ళలెయ్యండి, నెంబరుతో సహా." అది మాత్రం అందరికీ నచ్చింది. రెండు ఖాళీ గ్రీజు డబ్బాలు కడిగి, ఒకదాని మీద 'సరే' అనీ ఒకదాని మీద 'వద్దు' అనీ సుద్దముక్కతో రాశారు.

ఓటుకి ముందురోజు యాదగిరి కిటికీ దగ్గరికి వచ్చాడు. ఇద్దరు చిన్నపిల్లలు, పెళ్ళాం కడుపుతో ఉంది, ఈ ఊళ్ళో ఇంకే హాంగరూ పని ఇవ్వదు. అందరికోసమూ సరే అనక తప్పదని అతని బుద్ధికి తెలుస్తోంది. సుగుణమ్మ కొలువు తీసెయ్యడానికి మనసొప్పడం లేదు.

"వదినా, నువ్వే జెప్పు. ఏ డబ్బాల ఎయ్యాలె?"

సుగుణమ్మ నన్ను తుడుస్తూ అంది: "నన్నడిగి వెయ్యకు యాదగిరీ. అడిగితే వద్దనే అంటాను. నాకు ఈ కిటికీ తప్ప వేరే ఆధారం లేదు. త్యాగం చెయ్యమంటావేమో, నావల్ల కాదు."

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. పాపం యాదగిరి నన్ను జేబులో వేసుకుని, భోజనం చెయ్యకుండానే ఇంటికి పోయాడు.

మర్నాడు మధ్యాహ్నం రెండింటికి ఓటింగు. అరవై బిళ్ళలు పడ్డాయి. నేను మాత్రం కొక్కేనికే ఉన్నాను. పొద్దున యాదగిరి నన్నిచ్చి, ఇరుకు సందుల్లోకి చూడడానికి వాడే పొడుగు కాడ అద్దాన్ని తీసుకెళ్ళాడు.

"అద్దం తెచ్చి బిళ్ళ తీసుకో," అంది సుగుణమ్మ.

"కనిపిస్తలేదు వదినా."

ఆ మాటతో హాంగరంతా ఆగిపోయింది. నాలుగింటికి ఎగరాల్సిన విమానం అక్కడే ఉంది. ఓట్ల డబ్బాల మీద మూతలు పెట్టేశారు. సరే అన్నవాళ్ళూ వద్దన్నవాళ్ళూ టార్చిలైట్లు పట్టుకుని నేలమీద పాకడం మొదలుపెట్టారు. వారం రోజులుగా మాటల్లేని రంగనాయకులూ మస్తానూ ఒకే నిచ్చెన చెరో కాలూ పట్టుకుని ఎత్తారు. సీట్లు లేపారు, చెక్కలు విప్పారు. "ఇటు చూశావా?" "అటు నేను చూశాలే, నువ్వు తోక దగ్గరికి పో." చెప్పొద్దూ, వాళ్ళందరూ ఒక్క పని మీద ఉండగా చూడడం నాకు అదే ఆఖరుసారి. ఇప్పటికీ గుర్తొస్తే నా కడుపు నిండుతుంది.

యాదగిరీ వెతుకుతున్నట్టే తిరిగాడు. చివరికి మస్తాన్ తన నడుంనొప్పితో చక్రాల గూట్లోకి దూరబోతుంటే చూడలేకపోయాడు. వంగి, తన బూటులోంచి అద్దం తీశాడు.

ఒక్కొక్కరే టార్చిలైట్లు ఆర్పేశారు. తిట్టినా బాగుండేది. దొంగతనం చేసినవాణ్ణయినా క్షమిస్తారు గానీ, పనిముట్టు పోయిందని అబద్ధమాడినవాణ్ణి ఆ మనుషులు క్షమించరు. సుగుణమ్మ అద్దం తీసుకుని దాని గీతల్లో తగిలించింది. నన్ను తీసి అతని చేతిలో పెట్టింది.

"ఓటు తప్పించుకోడానికి విమానాన్ని ఆపావా? ఆయన ఉంటే నీ చెంప పగిలేది. వెయ్యి. ఎటైనా వెయ్యి. నిలబడి వెయ్యి."

యాదగిరి ఓట్ల డబ్బాల దగ్గరికి నడిచి మూత తీశాడు. 'సరే' డబ్బాలో, అంకె పైకి కనబడేలా నన్ను పెట్టాడు. పడెయ్యలేదు, పెట్టాడు.

లెక్క తేలింది: సరే ముప్ఫై అయిదు, వద్దు ఇరవై ఆరు. అతను వెయ్యకపోయినా, వద్దని వేసినా అదే జరిగేది. అంత నలిగిపోయి వేసిన ఓటు దేన్నీ మార్చలేదు. మనుషులకి ఇలాంటివి ముందు తెలియవు, తెలిసినా లాభం లేదనుకోండి.

నెలాఖరుకి కొత్త కాంట్రాక్టరు ప్లాస్టిక్ కార్డులు తెచ్చాడు. మమ్మల్ని తూకానికి అమ్మెయ్యాలన్నారు. సుగుణమ్మ అరవై బిళ్ళలు అప్పజెప్పి రిజిస్టరులో రాసింది: "నెం. 47 నా దగ్గర ఉంది. తీసుకెళుతున్నాను." కింద సంతకం పెట్టింది. ఎవరూ కాదనలేదు.

ఇంతా చేసి, రెండేళ్ళకి ఆ కంపెనీయే మూతపడింది. వదులుకున్న జీతమూ పోయె, నిలబెట్టుకున్న కొలువూ పోయె. యాదగిరి ఇప్పుడు అపార్టుమెంట్లలో లిఫ్టులు బాగుచేస్తున్నాడు. సుగుణమ్మ ఇంట్లోనే కర్రీ పాయింటు పెట్టింది. వంటింటి గోడ మీద ప్రతి గరిటెకీ ఆకారం గీసుకుంది. ఏదైనా పొరుగింటికి వెళితే గోడే చెబుతుంది. నా మేకు కింద మాత్రం ఏమీ గీయలేదు.

మొదటిసారి యాదగిరి ఇక్కడికి వచ్చిననాడు గుమ్మంలోనే నన్ను చూశాడు. చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. తరవాత అడిగాడు: "వదినా, నా బిళ్ళ నాకియ్యరాదూ? యాదికి పెట్టుకుంట."

ఆమె పొయ్యి దగ్గర్నుంచి తిరగలేదు. "తీసుకున్నది తెచ్చావా?"

అద్దం ఏనాడో ఇచ్చేశాడు, ఆమె అడుగుతున్నది ఆ కిటికీని అని అతనికీ తెలుసు.

"తేనిదే బిళ్ళ ఇవ్వరు. నీకు తెలీనిదేముంది," అంటూ టీ గ్లాసు అతని చేతికిచ్చింది. కోపంగా అనలేదు, అద్దం అడిగిన గొంతుతోనే అంది. యాదగిరి తాగి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళిపోయాడు.

ఇంక రాడేమో అనుకున్నాను. పై నెల మొదటి ఆదివారం వచ్చాడు. ఆ పై నెలా వచ్చాడు. మిక్సీ చెడితే బాగుచేస్తాడు, గ్యాసు బండ మారుస్తాడు, వెళ్ళేముందు ఒకసారి నావైపు చూస్తాడు. మళ్ళీ అడగలేదు. బిళ్ళ వేలాడినంతసేపూ ఆ మనిషిదే పూచీ, హాంగరు రూలు నాకింకా గుర్తే. ఇవాళ కూడా ఆదివారం. గేటు చప్పుడవగానే సుగుణమ్మ రెండో గ్లాసు తీసింది.