చెట్టు పక్కన చాపలు

మొంబాసా రేవులో బస్తాలు మోసే అన్నలూ, చదువుకునే తమ్ముళ్ళూ, మా గిరియామా తెగవాళ్ళ ఊళ్ళో జరిగింది వినండి. నా కళ్ళతో చూసిందే చెబుతున్నాను.

బుల్డోజరు నడిపే చారో మావాడే. మా పెద్దల అడవి మొదట్లో ఆగి, అలవాటు కొద్దీ చెప్పులు విడిచాడు. ఆ అడవిలోకి మేమెవరం చెప్పులతో పోము. పొయ్యిలోకని ఎండుపుల్ల కూడా తెచ్చుకోము. చుట్టూ కొండలన్నీ బోడిగా మిగిలినా మా ఊటలో నీళ్ళున్నది అందుకే. చారో ఉత్తకాళ్ళతోనే మళ్ళీ బండెక్కి, పెద్దలను పూడ్చుకున్నచోట ఉన్న మహావృక్షాన్ని వేళ్ళతో సహా పెకలించాడు. దాని కింది రాయి కాంట్రాక్టరుకు కావాలట.

"చెప్పులెందుకు విడిచావురా చారో?" న్యేవు అవ్వ అరిచింది. "ఎవరిల్లో తెలిసే కూల్చావన్నమాట!"

వాడు బండి ఆపి, తాళం జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నమే ఊరంతా కూడింది.

"బండిని తగలబెడదాం!" అన్నాడు కుర్రాళ్ళ నాయకుడు కరిసా.

"కాంట్రాక్టరు ఇంకోటి తెస్తాడు. వాడికేం తక్కువ?" అంది అవ్వ. "మనింట్లో చావు జరిగింది. ముందు ఏడవండి. చావుకు పరిచిన చాపలు ఎత్తేదాకా ఈ నేలమీద ఎవడైనా పని ముడతాడా?"

"చెట్టుకు చావేంటవ్వా, నవ్విపోతారు!"

"మీ తాత దాని వేళ్ళ కిందే ఉన్నాడు. వెళ్ళి అడుగు, నవ్వుతాడేమో."

కరిసాయే వెళ్ళి మొదటి చాప తెచ్చాడు. చెట్టు చుట్టూ చాపలు పరిచాం. ఆడవాళ్ళు శోకాలు పెట్టారు. నాకూ ఏడుపు ఆగలేదు. కాంట్రాక్టరు కూలీలు పలుగులు కింద పడేసి వచ్చి మా పక్కన కూర్చున్నారు.

మర్నాడు పోలీసులు దిగారు.

"శవమేదే ముసలీ?" అన్నాడు అధికారి.

"కళ్ళు కనబడవా నాయనా? అదిగో, అంత పొడుగున పడుంది."

అందరం నవ్వాం. లాఠీలు లేచాయి. వేరు పట్టుకుని వదలని అవ్వను చాపతో సహా ఈడ్చి లారీలో పడేశారు. తెల్లారి అవ్వ శవాన్ని ఇచ్చారు. లాకప్పులో ఏం చేశారో ఎవరూ చెప్పలేదు.

అవ్వను చెట్టు పక్కనే పడుకోబెట్టాం. చుట్టుపక్కల ఊళ్ళ జనం చాపలు చంకన పెట్టుకుని వచ్చారు. చారో కూడా వచ్చాడు. బండి తాళం అవ్వ కాళ్ళ దగ్గర పెట్టి కూలబడ్డాడు. కరిసా కాస్త జరిగి వాడికి చోటిచ్చాడు.

సాయంత్రం ఇంకో బుల్డోజరు వచ్చింది, వెనకే పోలీసులు. ఎవరం లేవలేదు. ఈసారి శవమేదని అధికారి అడగలేదు.

"చాపలెప్పుడు ఎత్తుతారు?" అన్నాడు.

"ఇక్కడ ఇంకో చెట్టు ఇంత ఎదిగాక," అన్నాడు చారో. ఉత్తకాళ్ళతో లేచి వెళ్ళి, తన చాపను బుల్డోజరు ముందు పరిచాడు. మేమంతా మా చాపలు తీసుకుని వాడి వెనక నడిచాం.